సర్కారు పేలు

ఎలీషబమ్మ గోళ్ల సంగతి ఆ పల్లెలో తెలియనివాళ్లు లేరు. ఆదివారం గుడికి జనం పూర్తిగా వచ్చినా రాకపోయినా, శనివారం మధ్యాహ్నం ఎలీషబమ్మ ఒడిలోకి తలలు రావడం మాత్రం తప్పేది కాదు. పేలతో దేవుడి సన్నిధికి పోకూడదని ఆమె పట్టుదల. దువ్వెన ఆమెకు అక్కర్లేదు. వేళ్లతో పాయ తీసి, కళ్లు చికిలించి, దొరికినదాన్ని బొటనగోటి మీద పెట్టి రెండో గోటితో టిక్కుమనిపించేది. ఆమె కన్ను పడ్డ పేనూ, పెద్దరైతు కన్ను పడ్డ బంజరూ మిగిలిన దాఖలా లేదని పల్లెలో నవ్వుకునేవారు.

ఇంత పేరున్న మనిషికి కూర్చునే చోటే కరువు. గుడిసెల మధ్య నీడ ఉండదు. నీడ ఉన్నదల్లా ఎవరెవరివో చేనిగట్ల మీది వేపచెట్ల కింద. అక్కడ కూర్చుని సగం తల చూసేసరికి ఎవరో ఒకరు వచ్చి "లెయ్యి, లెయ్యి, గట్టు తొక్కినారు" అనేవారు. ఏభై అయిదేళ్ల బతుకులో ఆమె ఎన్ని గట్ల మీద నుంచి లేచిందో దేవుడికే తెలియాలి. పోయిన భర్త యోసేపు ఎప్పుడూ ఒకమాట అనేవాడు, "మనకూ ఒక గట్టుంటే నిన్ను దాని మీద కూచోబెట్టి మళ్లా లేపకుండా చూస్తానే" అని. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

యోసేపు పోయిన అయిదేళ్లకు గట్టు రానే వచ్చింది. దరఖాస్తు పెట్టుకున్న కూలివాళ్లకు సర్కారు బంజరు ఇస్తుంటే, ఆమె కొడుకు ఏబేలుకు వాగు పక్కన రెండెకరాలు రాసిచ్చారు. కాగితం మీద అది భూమే. వెళ్లి చూస్తే నాగజెముడు. మనిషెత్తు పెరిగి, ఒకదానిలో ఒకటి అల్లుకుని, కుందేళ్లకూ పాములకూ తప్ప ఎవరికీ దారి ఇవ్వని జెముడు. పైగా సర్కారు ఒక షరతు పెట్టింది. మూడేళ్లలో, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి, మూడో జమాబందీకి, తహశీల్దారు వచ్చి చూసేసరికి, ఆ నేల నాగలి కింద ఉండాలి. లేకపోతే పట్టా రద్దు. రద్దయితే తీసుకోవడానికి పక్కచేని రైతు రామసుబ్బయ్య అర్జీ అప్పుడే సిద్ధంగా ఉంది. ఆయన చెడ్డవాడేం కాదు. రోజూ దారిన పోతూ "ఏం ఏబేలూ, జెముడు ఎంతమటుకు వచ్చింది?" అని అడిగి పోయేవాడు, అంతే. ఆ అడగడమే ఏబేలుకు ముల్లు కంటే ఎక్కువ గుచ్చుకునేది.

ఏబేలూ, కోడలు లీదియా దాదాపు రెండేళ్లు నరికారు. నరికితే చచ్చేది చెట్టు, నరికితే పుట్టేది జెముడు. తెగిపడ్డ మట్ట పడ్డచోటే వేరు పోసుకుని, వాన చుక్క పడగానే రెండు మట్టలై లేచేది. ప్రతి సాయంత్రం ఎలీషబమ్మ కొడుకు అరచేతులు ఒళ్లో పెట్టుకుని అవే గోళ్లతో ముళ్లు తీసేది. ఇక మిగిలింది ఏడాదీ మూడు నెలలు.

అలాంటప్పుడు మార్కాపురంలో పనిచేసే ప్రకాశరావు అనే వ్యవసాయశాఖ ఉద్యోగి సైకిలుతో వచ్చాడు. శుక్రవారం బడి వరండాలో ఏబేలును, లీదియాను కూర్చోబెట్టి గంటసేపు ఏదో చెప్పి, దొనకొండ స్టేషనులో దించుకున్న గంపను చేతికిచ్చి పోయాడు. గంపలో ఇరవై జెముడు మట్టలు. ఎలీషబమ్మ అప్పుడు స్త్రీల ప్రార్థన కూటంలో ఉంది. ఆమె చెవిన ఒక్కమాటా పడలేదు. అసలు తప్పంతా అక్కడే జరిగింది.

మర్నాడు తెల్లారేసరికే మొగుడూ పెళ్లామూ కందికోతకు బయలుదేరారు. ఏబేలు గుమ్మం దాటుతూ అన్నాడు. "అమ్మా, గంపలో సర్కారు జెముడు మట్టలుండాయి. వాటితోనే మన జెముడంతా చచ్చిపోతాదంట. మేకలు మూతి పెట్టకుండా చూసుకో. సాయంత్రం వచ్చినాక చెప్తా."

ఎలీషబమ్మకు విషయం వెంటనే బోధపడింది, లేక బోధపడిందనుకుంది. ముల్లును ముల్లుతోనే తీయాలి. సర్కారు ఎక్కడో మంచి బలమైన జెముడును పెంచి, మన జెముడు మీదికి కొట్లాటకు పంపించింది. బాగుంది. గంప మీది గోనెగుడ్డ తీసి ఆ పహిల్వానులు ఎలా ఉన్నారో చూద్దామని వంగింది. చూసి ముక్కున వేలేసుకుంది.

మట్టల నిండా పేలు!

తెల్లగా, గుత్తులు గుత్తులుగా, బూజు కప్పుకుని, ముళ్ల మొదళ్లలో కదలకుండా కరుచుకుని ఉన్నాయి. "అయ్యో, ఏంది నాయనా మీకీ గతి!" అంది జాలిగా. ఇంత పేలపట్టిన పహిల్వాను మన జెముడుతో ఏం కొట్లాడగలడు? సర్కారు బంగళాల్లో తలలు చూసే దిక్కు లేనట్టుంది. పైగా అది శనివారం. మరి ఆగుతుందా?

మేకలదొడ్డి నీడలో గోనె పరుచుకుని, తెల్ల చీర కుచ్చిళ్లు సర్దుకుని, మొదటి మట్టను ఒళ్లోకి తీసుకుంది. ముల్లుకూ ముల్లుకూ మధ్య గోరు దూర్చి ఒకదాన్ని లాగి గోటి మీద పెట్టి కుక్కింది. ఎర్రగా చిమ్మింది. మామూలు పేనులో రక్తం చుక్క ఉంటుంది, ఇందులో చెంచాడు ఉంది. "ఎవరి నెత్తురు తాగి ఇంత బలిసినారే దొంగముండల్లారా!" అని తిట్టుకుంటూ పనిలో పడింది. పొద్దు నడినెత్తికి వచ్చింది, గంజి తాగలేదు. పొద్దు వాలింది, మేకలు అరిచాయి, లేవలేదు. ఇరవై మట్టలూ అద్దాల్లా మెరిసేదాకా ఆమె నడుము ఎత్తలేదు.

అప్పుడు చూసుకుంటే చీర ఒళ్లంతా ఎర్ర మరకలు, తెల్ల బూజు. తలంటుకే నీళ్లు మోసుకోవాల్సిన రోజు, చీర ఉతుక్కునే నీళ్లెక్కడివి? పేలబట్ట ఎండలో వేస్తే పేలు చస్తాయని పిల్లకాయకైనా తెలుసు. వేరే చీర కట్టుకుని, దీన్ని తమ బంజరు చివర వాగు వైపున్న జెముడు పొదల మీద బారుగా పరిచింది. జెముడు వల్ల ఆ ఊరికి ఒకటే లాభం, బట్ట ఆరేస్తే ఎంత గాలికీ ఎగిరిపోదు. రెండ్రోజులు ఎండనిచ్చి సోమవారం తీసి ఉతకవచ్చులే అనుకుంది.

సాయంత్రం కొడుకూ కోడలూ తిరిగి వచ్చారు. లీదియా సంగటి వడ్డిస్తూ అత్త వేళ్లు చూసింది. "ఏంది అత్తా, ఈ వయసులో గోరింటాకు పెట్టుకున్నావా?"

ఎలీషబమ్మ ముసిముసిగా నవ్వింది. ఎంత పని చేసిందో చెప్పడానికి గొంతు సవరించుకుంది. అంతలో ఏబేలు అందుకున్నాడు.

"అమ్మా, ఆ మట్టల మీద తెల్లంగా బూజు మాదిరి ఉండాది, చూసినావా?"

"చూసినా."

"అది బూజు గాదంట. పురుగులంట. జెముడు రసం తప్ప ఇంకేం ముట్టవంట. వాటిని మన జెముడు మీద వదిల్తే, పిల్లలూ పిల్లల పిల్లలూ అయ్యి, ఏడాది తిరిగేపాటికి జెముడంతా పీల్చి పడగొడ్తాయంట. మనం కొడవలి ముట్టే పన్లేదు!"

"దొర వాటిని పసిబిడ్డల్లెక్క తెచ్చినాడత్తా," అంది లీదియా. "కోయంబత్తూరు నించి రైల్లో వచ్చినాయంట. ఒక్కటి గూడా రాలకూడదని దొనకొండ నించి సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటా వచ్చినాడంట."

ఎలీషబమ్మ చేతిలోని సంగటి ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.  తన కొడుకు భూమిని కాపాడడానికి రైలెక్కి వచ్చిన సైన్యాన్ని తను ఒక్కపూటలో, జాలిపడి, ఒక్కొక్కటిగా కుక్కి పారేసింది. చెబుదామని నోరు తెరిచింది. ఏబేలు ముఖంలో రెండేళ్లుగా లేని వెలుగు చూసి మూసుకుంది.

"రేపు ఆదివారం, పని చెయ్యగూడదు," అంది చివరికి. "సోమవారం పొద్దున నేనే పెడతాలే. మీరు కందికి పోండి."

ఆదివారం గుడిలో ఆమె రెండు బొటనవేళ్లనూ కొంగులో దాచుకుని కూర్చుంది. పాస్టరు ఏం చెప్పాడో వినబడలేదు. పది ఆజ్ఞలూ వరసగా గుర్తు చేసుకుంది. నరహత్య కూడదన్నారు గానీ పురుగుల ఊసు ఎక్కడా లేదు. ఆ ధైర్యం గుడి మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు.

మధ్యాహ్నం నల్లమల నుంచి ఈరమ్మ వచ్చింది. తేనె, బంక, చింతపండు తెచ్చి పల్లెల్లో మార్చుకుపోయే చెంచు మనిషి. ఇద్దరికీ ముప్పై ఏళ్ల స్నేహం. ఎలీషబమ్మ గుడిసె వెనక్కి లాక్కుపోయి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది. ఈరమ్మ పాపం ఓదారుద్దామనే అనుకుంది, కానీ నవ్వు ఆగలేదు. కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

"పేను కనపడితే నీ గోరు ఊరుకుంటాదా అక్కా! సర్కారోడు ముందే నీ సంగతి కనుక్కొని పంపాల్సింది!"

"నవ్వింది చాలు గానీ, బంకుందా?"

ఉంది. దిండు చించితే దూదీ ఉంది. సోమవారం పొద్దున ఇద్దరూ కూర్చుని, దూదిని చిన్న చిన్న ఉండలు చేసి, బంకతో ఇరవై మట్టలకూ అతికించారు. దూరం నుంచి చూస్తే అచ్చం పేలే. ఈరమ్మ ఒక మట్టను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. "బంకతో అతికిచ్చిన తేనెటీగ తేనె పెడ్తాదా అక్కా?"

ఎలీషబమ్మ ఆ మట్టను ఆమె చేతిలోంచి లాక్కుంది. మట్టల్ని తీసుకుపోయి దారివైపు పొదల్లో నిలబెట్టింది. వాగు వైపు పరిచిన చీర తీసుకొచ్చి ఉతుక్కుంది. మళ్లీ అటు తొంగి చూడడానికి ఆమెకు మనసు రాలేదు. ఇంటికొచ్చి కొడుక్కి గట్టిగా చెప్పింది. "సర్కారు పురుగులు బెదురు పురుగులు. మనిషి నీడ పడితే చెదిరిపోతాయి. పొలం లోపలికి ఎవరూ పోబాకండి, దూరం నించే చూడండి."

ఏబేలు దూరం నుంచే చూసేవాడు. గాలికి దూది ఊడిపోతుంటే ఎలీషబమ్మ తెల్లారుజామున పోయి ఇంకాస్త అతికించేది. భయంలో చెయ్యి ఉదారమై ప్రతిసారీ పోయినదానికంటే ఎక్కువే పెట్టేది. "చూడమ్మా, అప్పుడే పిల్లలు పెట్టినట్టుండాయి!" అని కొడుకు మురిసిపోతే ఆమెకు ప్రాణం విలవిలలాడేది. ఏదో ఒక మట్ట మడతలో ఒక్క పురుగైనా మిగిలి ఉంటుందేమోనని ఎన్నిసార్లు వెతికిందో. ఆమె గోళ్లు పని సగంలో వదిలిపెట్టే రకం కాదు. జీవితంలో మొదటిసారి తన పనితనాన్ని తనే తిట్టుకుంది.

రెండు నెలలు గడిచాయి. ఈస్టరు పండగ దాటిన వారం ప్రకాశరావు సైకిలు మళ్లీ వచ్చింది. ఆయన వెంట, తన చేని పక్క ఏం జరుగుతోందో చూద్దామని రామసుబ్బయ్య కూడా వచ్చాడు. ఏబేలు పెళ్లికొడుకులా ముందు నడిచాడు. ఎలీషబమ్మ అందరికంటే వెనక, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచింది.

"బాగా పట్టినట్టుందే!" అన్నాడు ప్రకాశరావు దూరం నుంచి. దగ్గరికి పోయి ఒక మట్ట తీసి, జేబులోంచి భూతద్దం తీసి పెట్టి చూశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. వేలితో ఒకదాన్ని గిల్లాడు. అది బంకతో సహా సాగి వేలికి అంటుకుంది.

"ఏబేలూ, ఇది పురుగు కాదు. దూది."

 ఎలీషబమ్మ ముందుకొచ్చి తన రెండు బొటనవేళ్లూ ఆయన ముందు చాపింది.

"తప్పు నాది దొరా. నేనే చంపినా. పేలనుకున్నా. ఒక్కటి మిగలకుండా కుక్కేసినా. వాడికి చెప్పే ధైర్యం లేక దూది అతికిచ్చినా." అంటూనే ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. "నా కొడుకు చేతుల్లో ముళ్లు తీసింది ఈ గోళ్లే. వాడి చేను తీసేసిందీ ఈ గోళ్లే."

ఏబేలు తల్లి వైపు చూశాడు. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ ముడతల బొటనవేళ్లు చూసేసరికి అది ఎటు పోవాలో తెలియక నేల మీద కూలబడ్డాడు. ప్రకాశరావు భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. తాలూకా మొత్తానికి వచ్చినవే నాలుగు గంపలనీ, మళ్లీ వచ్చే ఏడు గానీ రావనీ మెల్లగా చెప్పాడు.

"అవి వచ్చి జెముడు తినేలోపల జమాబందీ అయిపోతాది గదా," అన్నాడు రామసుబ్బయ్య. ఆయన కూడా ఆ మాట సంతోషంగా అనలేకపోయాడు.

లీదియా కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ పక్కకు తిరిగింది. వాగు వైపు చూసి ఆగింది.

"అత్తా, నీ చీర పొదల మీదనే మరిచిపోయినావు."

"నా చీర నా ఒంటి మీదనే ఉంది గదే."

"మరి ఆడ పరిచింది ఎవరిది?"

అందరూ తిరిగి చూశారు. వాగు వైపు జెముడు మీద తెల్లగా, బారుగా, చీర పరిచినంత మేర పరుచుకుని ఉంది. కొంగు వైపు పలచగా, ఒళ్లో పడే కుచ్చిళ్ల దగ్గర చిక్కగా. గాలి వీస్తోంది, అది మాత్రం కదలలేదు. ప్రకాశరావు పరుగెత్తాడు. ముళ్లు గీరుకుంటున్నా లెక్కచేయకుండా పొదలోకి దూరి భూతద్దం పెట్టాడు.

"పురుగు!" అని కేకేశాడు. "బతికిన పురుగు! వేలకు వేలు! ఇక్కడ చీర ఎప్పుడు ఆరేశావమ్మా?"

"ఆ శనివారమే. పేలు ఎండకు చస్తాయని పరిచినా."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. "పెద్దవాటినే కుక్కావమ్మా నువ్వు. వాటి పిల్లలు కంటికి ఆనవు. అవి నీ చీర పట్టుకుని వచ్చాయి. ఎండకు చావడమెందుకు, కిందనే తిండి కనబడుతుంటే! చీర దిగి జెముడెక్కాయి. నేను పెట్టమన్న ఇరవై మట్టలు ఇరవై చోట్లే పట్టేవి, నీ చీర ఒక్కసారే ఇంత మేర పట్టించింది." ఎర్రగా చిమ్మడం చూపిద్దామని పొదలోంచి బయటికి వచ్చి ఒక పురుగును గోటి మీద పెట్టి నొక్కబోయాడు.

ఎలీషబమ్మ ఎగిరి ఆయన మణికట్టు పట్టుకుంది. "వద్దు దొరా! పిల్లల తల్లి అది!"

ఏబేలుకు నవ్వొచ్చింది. కోపం పోవడానికి అప్పుడు దారి దొరికింది. ప్రకాశరావు చెట్టు కింద కూర్చుని నోటుబుక్కు తీశాడు. పురుగు వదిలిన పద్ధతి అన్న చోట ఏం రాయాలో తెలియక చాలాసేపు పెన్సిలు కొరుక్కున్నాడు.

ఆ వేసవి అంతా ఎలీషబమ్మ ఊళ్లో ఉన్న చీరలన్నీ అడుక్కొచ్చి, పురుగు పట్టిన పొదల మీద ఒకపూట పరిచి, పట్టని పొదల మీదికి మార్చింది. తన గోళ్లు మాత్రం కొంగులో కట్టుకున్నట్టే ఉంచుకుంది. వానలకు పురుగు కొంచెం తగ్గి, మళ్లీ అందుకుంది. క్రిస్మసు నాటికి జెముడు పసుపుబారి, వాడి, ఒక్కొక్క కొమ్మే కుళ్లి కూలింది. ఎండిందాన్ని పోగేసి కాల్చేసి, ఏబేలు అడిగి తెచ్చుకున్న ఎద్దులతో అడ్డం నిలువూ దున్నాడు. జమాబందీకి తహశీల్దారు వచ్చినప్పుడు నల్లటి దుక్కి తప్ప ఇంకేమీ లేదు. పట్టా ఖాయమైంది. తొలకరికి ఎలీషబమ్మ మొదటి పిడికెడు కొర్రలు తన చేత్తో చల్లింది. చల్లుతూ యోసేపును తలుచుకుని హాయిగా ఏడ్చింది.

కొర్ర మూరెడు లేచిన ఒక శనివారం మధ్యాహ్నం, ఆమె తమ గట్టు మీద వేపమొక్క నీడలో కూర్చుని లీదియా తల చూస్తోంది. మొక్క చిన్నది, నీడ ఒకరికే సరిపోతుంది. అది కోడలికి ఇచ్చింది. పాయ తీసి ఒకదాన్ని పట్టుకుని గోటి మీద పెట్టి, ఆగిపోయింది.

"ఏంది అత్తా, ఆగినావు?"

"ఇది మనదా, సర్కారుదా అని చూస్తాండా."

లీదియా నవ్వింది. అప్పుడే గట్టు వెంబడి చెప్పుల చప్పుడైంది. రామసుబ్బయ్య వస్తున్నాడు. ఎలీషబమ్మ మోకాళ్లు ఆమెను అడగకుండానే అలవాటుగా లేవబోయాయి. సగం లేచాక ఆమెకు గుర్తొచ్చింది. మళ్లీ కుదురుగా కూర్చుని కాళ్లు చాపుకుంది.

"ఏమ్మే ఎలీషబా," అన్నాడు ఆయన కొంచెం మొహమాటంగా. "నా దొడ్డి వెనకాల గూడా జెముడు ముదిరింది. వాగవతల జెముడుకు పురుగు పట్టింది గదా, దాని మీద పరిచి నీ చీర ఒకటి రెండ్రోజులు ఇస్తావా?"

"సోమవారం ఇస్తాలే అయ్యా," అంది ఎలీషబమ్మ కోడలి తల మీద నుంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడు లెయ్యలేను. పని మీద ఉండా."

ఆయన గట్టు దిగి, పక్కనుంచి నడిచి వెళ్లాడు.